ఏడుగురు అని అచ్చయింది

గురువారాలు ఈ గది తాళం నా దగ్గరుంటుంది.
న్యూజీలాండ్ ఉత్తరాన, బురద నది పక్కన
మా చిన్న లైబ్రరీ వెనక గది:
ఒక హీటరు, ఒక మైక్రోఫిల్మ్ యంత్రం,
సొరుగుల్లో చుట్టలు చుట్టుకుని పడుకున్న పాత వారపత్రిక.
చనిపోయినవాళ్ళ కోసం వచ్చేవాళ్ళకి
రీలు ఎక్కించి పెట్టడం నా పని.
వాళ్ళు కళ్ళు తుడుచుకుంటే
కిటికీలోంచి చూడ్డం కూడా.

ఈ పత్రికలో మనుషులెవరూ చచ్చిపోరు.
నిద్రలోకి జారుకుంటారు,
ప్రభువు పిలుపు అందుకుంటారు,
దీర్ఘవ్యాధిని ఓర్పుతో భరించి విశ్రమిస్తారు.
చచ్చేవి గుర్రాలొక్కటే.
అవీ మంచి ధర పలికేవైతేనే.

వెర్నా యూకిచ్ రావడం ఇది నాలుగో వారం.
బస్సు నడిపి రిటైరైన మనిషి,
రీలు పిడిని స్టీరింగులాగే తిప్పుతుంది,
మలుపుల దగ్గర నెమ్మదిగా.
ముత్తాత యాకోవ్ డాల్మేషియా నుంచి ఓడెక్కి వచ్చి
చిత్తడి నేలని ఇనుప ఊచతో పొడిచి పొడిచి
కౌరీ చెట్ల బంక తవ్వి అమ్మినవాడు.
చెట్టు కూలి ఎన్ని వేల ఏళ్ళయినా
బంక మట్టి కింద అలాగే ఉంటుందట.
"నేనూ ఇక్కడ అదే పని చేస్తున్నా" అంది ఒకసారి,
అని, సిగ్గుపడి, కళ్ళజోడు తుడుచుకుంది.

మొదటి తగువు ఇంటిపేరుతోనే.
అచ్చులు పేర్చిన కుర్రాడెవడో
యూకిచ్‌ని ఒక వారం జూకిక్ అన్నాడు,
ఇంకో వారం జ్యూసిక్.
పన్ను బాకీల జాబితాలో మాత్రం సరిగ్గా వేశాడు.

ఇవాళ మూడున్నరకి దొరికింది.
పందొమ్మిది వందల పద్దెనిమిది, డిసెంబరు,
వెన్న ధరకీ, పోయిన గొడుగు ప్రకటనకీ నడుమ
బొటనవేలంత చోటు:
శ్రీమతి జె. జూకిక్, ఇన్‌ఫ్లుయెంజా, ముప్పై నాలుగో ఏట,
భర్తనీ ఏడుగురు పిల్లల్నీ విడిచి.

"మాండా" అంది వెర్నా, తెరతో.
"ఆవిడ పేరు మాండా."

తర్వాత వేళ్ళు మడిచింది.
ఇవాన్, లుట్సా, స్టీపే,
కవలలు టోమా, యెలా,
చివర మా తాత పేటర్.
ఆరు.
మళ్ళీ మడిచింది. ఆరే.
ఇంట్లో ప్రార్థన పుస్తకం అట్ట లోపల
సిరాతో రాసినవీ ఆరే.

"అచ్చుతప్పయి ఉంటుంది" అన్నాను.
పేరే రానివాడికి లెక్కొస్తుందా అని నా ఉద్దేశం.
స్టాపు కాని చోట బస్సాపమన్నవాణ్ణి చూసినట్టు
నా వంక చూసి
పిడి ముందుకి తిప్పింది.

క్రిస్మస్ కేకులు పోయాయి, పడవ పందేలు పోయాయి,
జనవరి మూడో వారం, కృతజ్ఞతల కాలమ్:
యాకోవ్ యూకిచ్, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.
తనే వచ్చి ఉంటాడు.
బంక మట్టి బూట్లతో కౌంటరు ముందు నిలబడి
ఒక్కో అక్షరం పలికి రాయించి ఉంటాడు.
ఇరుగుపొరుగుకీ, డాక్టరు గారికీ,
పసిదాన్ని తమ బిడ్డగా తీసుకున్న
శ్రీమతి హేని తౌమాటాకీ
ఎప్పటికీ ఋణపడి.

పసిదాన్ని.
ఆడపిల్లన్నమాట.
ఎప్పటికీ అన్నది ఋణానికో, బిడ్డకో,
కామా ఉండాల్సిన చోట ఫిల్మ్ మీద గీత.

హీటరు టిక్కుటిక్కుమంది.
వెర్నా చాలాసేపు మాట్లాడలేదు.
"తౌమాటాలు నది అవతల" అంది చివరికి,
"పచ్చగేటు. ఇరవై రెండేళ్ళు నా రూటు.
పొద్దున ఏడూ నలభై.
ఒకావిడ రోజూ నాకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చేది,
నేను చూడకుండానే సంచిలో వేసుకునేదాన్ని."

అయిదింటికి గది మూయాలి.
కాపీ తియ్యనా అన్నాను.
"రెండు తియ్యి" అంది.
రెండోదానికి ఆమె దగ్గర చిల్లర చాల్లేదు.
నేను అడగలేదు.